వేఫర్ బిస్కట్లు: ఇంటి తయారీ

ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన కాల్చి, చల్లారాక పంటి కింద పెళుక్కున విరిగే తీపి బిస్కట్లను వేఫర్ బిస్కట్లు అంటారు. బజారులో వేఫర్ అని అడిగితే పొరల మధ్య క్రీమ్ పూసిన పొడుగాటి బిస్కట్టు ఇస్తారు. ఇంట్లో చేసేవి చాలావరకు ఒంటి పొరవి. కొన్నిటిని వేడి మీదే చుడతారు, కొన్నిటిని మడుస్తారు, కొన్నిటిని బల్లపరుపుగా అలాగే వదిలేస్తారు. నార్వేలో క్రుమ్‌కాకె, ఇటలీలోని అబ్రుజ్జోలో పిజ్జెల్లె, ఫ్రాన్సులో త్యూయిల్, ఇంగ్లండులో బ్రాందీ స్నాప్, అమెరికాలోని నార్త్ కరోలినాలో మొరేవియన్ బిస్కట్టు, మలేసియాలో కువే కాపిట్ ఈ కుటుంబానివే. పేర్లు ఎన్ని ఉన్నా సరుకులు దాదాపు అవే: పిండి, పంచదార, ఏదో ఒక కొవ్వు, చాలాచోట్ల గుడ్డు. తేడా అంతా పాళ్లలోనూ, వేడి తగిలే తీరులోనూ ఉంది.

కరకర ఎప్పుడు పుడుతుంది

వంట పుస్తకాలు చాలావాటిలో కరకరలాడేదాకా కాల్చమని రాసి ఉంటుంది. ఆ మాటను అక్షరాలా నమ్మినవారు బిస్కట్లను మాడ్చుకుంటారు. పంచదార ఎక్కువ పడిన ఏ వేఫరూ పొయ్యి మీంచి తీసిన క్షణాన కరకరలాడదు. మెత్తగా ఉంటుంది, ఎటు వంచితే అటు వంగుతుంది. కరకర పుట్టేది చల్లారేటప్పుడు. పొయ్యి చేసే పని నీళ్లను వెళ్లగొట్టడం, రంగు తేవడం వరకే.

పిండిజారులోని నీళ్లలో పంచదార కరిగి ఉంటుంది. వేడికి నీళ్లు ఆవిరయ్యే కొద్దీ అది చిక్కబడి ముదురు పాకమవుతుంది. వేడి ఉన్నంతసేపూ పాకం సాగుతుంది. వేడి తగ్గగానే, మళ్లీ పలుకులుగా పేరుకునే వ్యవధి లేక, గాజుగా గడ్డకడుతుంది. శాస్త్రంలోనూ దీన్ని గాజు అనే అంటారు: అణువులు వరుస కుదరకముందే ఉన్నచోట బిగుసుకుపోయిన ఘనపదార్థం. తేమ బొత్తిగా లేని పంచదార గాజు 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడుతుంది. ఆ హద్దుకు పైన ఉంటే వేఫర్ వంగుతుంది, కింద ఉంటే విరుగుతుంది. తేమ చేరితే హద్దు కిందికి జారిపోతుంది. పాకంలో నాలుగైదు శాతం నీరు మిగిలినా అది మన గది ఉష్ణోగ్రత దాకా దిగుతుంది. అలాంటి బిస్కట్టును ఎంతసేపు ఆరబెట్టినా నములుడు పడుతూనే ఉంటుంది. మెత్తగా మిగిలిన వేఫర్‌లో లోపం చల్లార్చడంలో కాదు, అంతకుముందు నీళ్లు పూర్తిగా పోకపోవడంలో ఉంది.

పంచదార ఒక్కటే ఆధారం కాదు. రెండోది పిండిపదార్థం. క్రీమ్ పొరల బిస్కట్టులోని తెల్లటి రేకుల్లో తీపి లేనట్టే. అవి నీళ్లంత పల్చని జారును రెండు వేడి పలకల మధ్య బిగించి చేసినవి. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై పిండిని నురగగా పొంగిస్తుంది, ఆ నురగ గోడలు ఎండి పెళుసెక్కుతాయి. ఇలాంటి రేకు వేడిగా ఉన్నా వంగదు, చుట్టబోతే పగులుతుంది. చుట్టాలంటే పంచదార దండిగా ఉండాలి. వేఫర్లలో అసలైన విభజన దేశాన్ని బట్టి కాదు, ఇక్కడ ఉంది: పిండి బలంతో నిలిచేవి ఒక జాతి, పంచదార బలంతో నిలిచేవి ఇంకో జాతి.

మొదటి జాతికి తెలుగువారి దగ్గర ప్రపంచంలో ఎవరికీ తీసిపోని ఉదాహరణ ఉంది. ఆత్రేయపురం పూతరేకుకు నానబెట్టి రుబ్బిన బియ్యపు జారు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, జారులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కన్నా పల్చని రేకు క్షణాల్లో లేచి వస్తుంది. తీపి, నెయ్యి తరవాత మడతలో చేరతాయి. రేకులో పంచదార లేదు కాబట్టే దాన్ని వేడి మీద వంచే మాట లేదు. మడవడానికి తడి తగిలించి మెత్తబరచాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ రేకును బిస్కట్టు అనడం పొరపాటే. వేఫర్ అనడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

జంట పలకల పెనాలు

యూరపులో వేఫర్ చరిత్ర చర్చి దగ్గర మొదలవుతుంది. పాశ్చాత్య క్రైస్తవంలో పూజకు వాడే పులియని రొట్టెబిళ్లలను గోధుమపిండి, నీళ్లతో కలిపి, పొడుగాటి పిడులున్న రెండు ఇనుప పలకల మధ్య నొక్కి కాల్చేవారు. పలకల మీద సిలువ, క్రీస్తు బొమ్మ చెక్కి ఉండేవి. అదే పనిముట్టుతో పంచదారో తేనో కలిపిన జారు పోస్తే తినుబండారమైంది. మధ్యయుగపు పారిస్‌లో ఊబ్లీ అనే పల్చని వేఫర్లు చేసి అమ్మేవారికి ప్రత్యేకంగా ఒక వృత్తి సంఘం ఉండేది. 1393 ప్రాంతంలో ఒక పారిస్ గృహస్థు తన పడుచు భార్య కోసం రాసిన ఇల్లాలి గ్రంథంలో ఈ పెనం మీద కాల్చే గోఫ్ర్‌లు చేసే పద్ధతులు ఉన్నాయి. అదే కాలపు ఇంగ్లండులో ఛాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఒక ప్రేమికుడు తన మనసైన ఇల్లాలికి పంపే కానుకల్లో నిప్పుల మీంచి తీసిన వేడి వేఫర్లు కూడా కనిపిస్తాయి. ఇంట్లో చేసుకునేదే అయినా, వీధిలో వేడివేడిగా కొనుక్కునే సరుకుగానే దీనికి పేరు వచ్చింది. ఒక్కొక్కటిగా కాల్చడానికి ఓపిక, మంట దగ్గర ఒక మనిషి కావాలి. అది ఉన్నవాడికే బేరం.

ఈ పెనాలు పెళ్లి సామానులోకి, వారసత్వంలోకి వచ్చాయి. అబ్రుజ్జోలో పాత పిజ్జెల్లె పెనాల మీద ఇంటిపేరు తొలి అక్షరాలు, కుటుంబ చిహ్నాలు, తేదీలు చెక్కినవి నేటికీ ఇళ్లలో ఉన్నాయి. ఆ ప్రాంతంలోనే పిజ్జెల్లెను ఫెర్రాతెల్లె అని, ఓర్తోనా వైపు చుట్టినదాన్ని నెవోలె అని అంటారు. సోంపును పోలిన అనిస్ గింజల వాసన దీని గుర్తు. కొవ్వుకు వెన్న కన్నా ఆలివ్ నూనె వాడే ఇళ్లు అక్కడ ఎన్నో. అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్ కుటుంబాల్లో వెన్న చేరింది, బేకింగ్ పౌడర్ చేరింది, బిస్కట్టు కొంచెం లావెక్కింది. రుచికి అదీ బాగుంటుంది కానీ పెళుసుదనంలో పాతదానికి సాటి రాదు. బేకింగ్ పౌడర్ వదిలే గాలి బుడగలు పొరను మందం చేస్తాయి, మందమైన పొర లోపలి తడిని తొందరగా వదలదు.

నార్వేలో క్రిస్మస్‌కు ఇంట్లో ఏడు రకాల బిస్కట్లు ఉండాలని ఆనవాయితీ. క్రుమ్‌కాకె అందులో తరచూ ఉంటుంది. గుండ్రటి పెనం, దాని మీద తీగల పువ్వుల చెక్కడం, జారులో యాలకుల పొడి. తీయగానే కొయ్య శంకువు చుట్టూ చుడతారు. గోరో అనేది దానికి దగ్గరి చుట్టం. అయితే అది జారు కాదు, ముద్ద. ఒత్తి, దీర్ఘచతురస్రాకారపు పెనంలో పరిచి కాలుస్తారు, చుట్టరు. క్రుమ్‌కాకెకు ఒక పాత కొలత గుడ్ల బరువు: గుడ్లు ఎంత తూగితే అంత పంచదార, అంత వెన్న, అంత పిండి. తక్కెడలో ఒక పక్క గుడ్లు పెడితే చాలు, గ్రాముల లెక్క అక్కర్లేదు. నార్వే వలసదారులు ఎక్కువగా స్థిరపడిన మినెసోటా రాష్ట్రంలో 1946లో మొదలైన నార్డిక్ వేర్ సంస్థ తొలినాళ్లలో తయారుచేసిన సామానులో క్రుమ్‌కాకె పెనం, రోజెట్ అచ్చు ఉన్నాయి. ఆ రోజెట్ అచ్చును మనం గులాబీ పువ్వుల గుత్తిగా గుర్తుపడతాం: పొడుగు కాడ చివర ఇనుప పువ్వు, దాన్ని జారులో ముంచి నూనెలో దించడం. పొయ్యి బదులు నూనె నీళ్లను తరుముతుంది, తక్కిన సూత్రం అదే. గులాబీ పువ్వు చల్లారకముందు నోట్లో వేసుకున్న పిల్లవాడు మెత్తగా ఉందని పెదవి విరిచేది ఇందుకే.

ఆగ్నేయాసియా మార్గం వేరు. మలేసియా, సింగపూర్‌లలో చైనా కొత్త సంవత్సరానికి ముందు చేసే కువే కాపిట్‌లో బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు, పంచదార ఉంటాయి. పొడుగాటి బొగ్గుల పొయ్యి మీద ఒకేసారి నాలుగైదు పెనాలు వరసగా పెట్టి తిప్పుతూ ఉంటే, పక్కన కూర్చున్నవారు తీసిన దాన్ని తీసినట్టు నాలుగు మడతలు వేస్తారు. చుట్టినదాన్ని ఇంగ్లీషులో ప్రేమలేఖ అని పిలుస్తారు. ఇండోనేసియాలో కువే సెంప్రోంగ్, థాయ్‌లాండులో థోంగ్ మువన్, ఫిలిప్పీన్స్‌లో బార్కిల్యోస్ దీని సోదరులు. చివరిది స్పెయిన్ నుంచి వచ్చింది. మాడ్రిడ్‌లో ఈ చుట్టలు అమ్మేవాడు మోసే ఎర్రటి రేకు డబ్బా మూత మీద ఒక జూదపు చక్రం ఉంటుంది. తిప్పితే ఎన్ని వేఫర్లు వస్తాయో చక్రమే చెబుతుంది. మన నాలుకకు ఈ శాఖ తొందరగా నచ్చుతుందని చెప్పవచ్చు. బియ్యప్పిండి, కొబ్బరి, పంచదార కలిస్తే ఏమవుతుందో బూరెలు, అరిసెలు తినే ఊళ్లకు నేర్పనక్కర్లేదు.

పెనం వాడకంలో కిటుకులు రెండే. పలకలు రెండూ సమానంగా కాగాలి. కాబట్టి పొయ్యి మీది ఇనుప పెనాన్ని జారు పోయకముందే రెండు వైపులా తిప్పి కాగబెట్టాలి. కరెంటు పెనానికి ఆ బాధ లేదు. మొదటి వేఫర్ అంటుకుపోతుంది. మొదటి దోసె ఎందుకు పాడవుతుందో ఇదీ అందుకే పాడవుతుంది, దాన్ని లెక్కలోంచి తీసేయడమే. రెండోది, జారు కొలత. పెనం మధ్యకు కొంచెం వెనగ్గా, పిడి అవతలి వైపు ఒక చెంచాడు పోసి మూస్తే నొక్కుడుకు ముందుకు పాకుతుంది. అంచు దాటి కారిందంటే ఎక్కువైనట్టు. ఒక్కొక్కటి నిమిషం లోపే కాలుతుంది. ఆవిరి బుసబుసలు తగ్గడమే కాలిన గుర్తు. రంగు చూడాలని మాటిమాటికీ తెరిస్తే పొర రెండుగా చీలిపోతుంది.

చుట్టిన వేఫర్ చేసిన పెద్ద ప్రయాణం ఐస్‌క్రీమ్ కోన్. దీని పుట్టుకను 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు కట్టబెట్టడం మామూలు. సిరియా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ హమ్‌వీ అక్కడ జలాబియా పేరిట పల్చని వేఫర్లు అమ్ముతూ, పక్క దుకాణంలో ఐస్‌క్రీమ్ గిన్నెలు అయిపోతే తన వేఫర్‌ను చుట్టి ఇచ్చాడన్నది కథ. ఆ ఘనత తమదేనన్న వ్యాపారులు ఇంకా ఉన్నారు. కానీ న్యూయార్క్ వ్యాపారి ఇటాలో మార్కియోనీకి కప్పుల అచ్చు మీద 1903 డిసెంబరులోనే పేటెంటు వచ్చింది. అంతకుముందే, 1888లో లండన్ వంటల రచయిత్రి ఆగ్నెస్ మార్షల్ తన పుస్తకంలో బాదంపిండితో కాల్చిన శంకువులను నింపి వడ్డించే పద్ధతి రాసింది. వందల ఏళ్లుగా వేఫర్‌ను చుడుతూ వచ్చిన జనంలో దాంట్లో ఏదైనా నింపాలని ఒక్కడికే తోచిందనడం నమ్మశక్యం కాదు. సెయింట్ లూయిస్ చేసిన మేలు దాన్ని జనం కళ్లపడేలా చేయడం.

మడత వేఫర్‌కు కూడా ఇలాంటి గందరగోళపు కథే ఉంది. అమెరికాలో చైనా హోటళ్లలో బిల్లుతో పాటు ఇచ్చే జోస్యపు బిస్కట్టు జపాన్‌ది. క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడి దగ్గర చీటీ దోపిన సెంబే అనే పెళుసు బిస్కట్లు కాల్చే దుకాణాలు నేటికీ ఉన్నాయి. 1878 నాటి ఒక జపాన్ పుస్తకంలో వాటిని కాలుస్తున్న మనిషి బొమ్మను యసుకో నకమాచి అనే పరిశోధకురాలు వెలికితీసింది. అక్కడివి నువ్వులు, మీసో అనే సోయా ముద్ద కలిపినవి, కొంచెం పెద్దవి. చీటీ లోపల కాదు, మడత సందులో ఉంటుంది. అమెరికా రకం వెన్న, వెనిల్లాలకు మారింది. ఎక్కడైనా కష్టం ఒక్కచోటే. గుండ్రటి వేఫర్‌ను సగానికి మడిచి, ఆ మడతను గిన్నె అంచు మీద మళ్లీ వంచేందుకు పది పదిహేను సెకన్లకు మించి ఉండదు. ఆలస్యమైతే చేతిలో పెంకులే.

ట్రే మీద కాల్చేవి

పెనం లేనివారికి ఓవెన్ దారి. ఫ్రెంచి వంటవారు వాడే ఒక మూల పాళం గుర్తుపెట్టుకోవడం తేలిక: వెన్న, పంచదార పొడి, గుడ్డు తెల్లసొన, మైదా నాలుగూ సమాన బరువులు. మెత్తబడిన వెన్నలో పంచదార పొడి కలిపి, గది వేడిమికి వచ్చిన తెల్లసొన కొద్దికొద్దిగా చేర్చి, చివర్లో మైదా వేసి గరిటెతో నాలుగు తిప్పులు తిప్పితే చాలు. ఎక్కువ కలిపితే మైదాలోని జిగురు సాగి, పొర ఓవెన్‌లో ముడుచుకుపోతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే జారు పూయడానికి వీలుగా చిక్కబడుతుంది. బటర్ పేపర్ మీద చెంచాతో పూసి, 170 నుంచి 180 డిగ్రీల దగ్గర ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు. అంచులు బంగారు రంగుకు వచ్చి, మధ్యలో లేతగా ఉన్నప్పుడే తీయాలి.

గుండ్రంగా, ఒకే మందంగా రావాలంటే ఐస్‌క్రీమ్ డబ్బా మూతలో ఒక వృత్తం కోసి, ఆ కంత కాగితం మీద పెట్టి, జారు పోసి అట్లకాడతో గీకాలి. మూత మందమే వేఫర్ మందం. చేత్తో పూస్తే అంచు పల్చబడి మాడుతుంది, నడిమి భాగం పచ్చిగా మిగులుతుంది. ఈ రకంలో వచ్చే చిక్కులు ముప్పాతిక వంతు ఇక్కడివే. మన ఇళ్లలోని చిన్న ఓటీజీల్లో పై కడ్డీ దగ్గరగా ఉండి ఒక మూల ముందు ఎర్రబడుతుంది. ట్రేను మధ్య గాడిలో పెట్టి, సగం సమయానికి ఒకసారి ముందువెనకలు తిప్పాలి. ఒక ట్రేకు నాలుగైదుకు మించి పెట్టకూడదు. అంతకన్నా ఎక్కువ కాలిస్తే, ఐదోదాన్ని వంచేసరికి ఆరోది బిగుసుకుపోతుంది. బిగుసుకుంటే ట్రేను ఒక నిమిషం మళ్లీ ఓవెన్‌లో పెడితే మెత్తబడుతుంది. గాజు మళ్లీ పాకమవుతుంది కాబట్టి ఇది సాధ్యం. అయితే ప్రతిసారీ రంగు ఒక మెట్టు ముదురుతుంది.

త్యూయిల్ అంటే ఈ జారుకు బాదం పలుకులు చేర్చి, కాల్చగానే అప్పడాల కర్ర మీద పరిచి పెంకు వంపు తెచ్చినది. అదే జారును పెన్సిలు లావు కర్రకు చుడితే సిగరెట్ బిస్కట్టు. పొడుగ్గా పిండి అలాగే వదిలేస్తే పిల్లినాలుక అనే ఫ్రెంచి రకం. చిన్న గిన్నె లోపల అదిమితే తినగలిగే దొన్నె అవుతుంది.

ఇంగ్లండు బ్రాందీ స్నాప్ కూడా నాలుగు సమపాళ్లదే. తెల్లసొన తీసేసి, ఆ స్థానంలో గోల్డెన్ సిరప్ వేస్తారు. ఈ సిరప్ స్కాట్లండుకు చెందిన ఏబ్రమ్ లైల్ లండన్ దగ్గర ప్లెయిస్టోలో పెట్టిన చక్కెర శుద్ధి కర్మాగారంలో 1880లలో పుట్టిన సరుకు. వెన్న, పంచదార, సిరప్ కలిపి కరిగించి, మైదా, శొంఠిపొడి, కొంచెం నిమ్మరసం చేర్చి చెంచాడు చెంచాడు దూరందూరంగా వేస్తే, అవి అరచేయంత పరుచుకుని, బుడగలు పగిలి, జల్లెడ కంతలతో కాలుతాయి. బ్రాందీ చాలామంది వేయనే వేయరు. గుడ్డులోని మాంసకృత్తులు లేవు కాబట్టి ఇది దాదాపు పూర్తిగా పాకం మీదే నిలబడుతుంది. అందుకే అంతగా పరుచుకుంటుంది, అంతగా మెరుస్తుంది, అంత తొందరగా చెమ్మ పడుతుంది.

గుడ్డు తగలని మన ఇళ్లకు ఓవెన్ వేఫర్లలో బ్రాందీ స్నాప్‌కు మించినది లేదు. గుడ్డుకు ప్రత్యామ్నాయం వెతికే పనే ఉండదు, మొదటినుంచీ అది గుడ్డు లేనిదే. గోల్డెన్ సిరప్ దొరక్కపోతే బేకింగ్ సరుకుల దుకాణాల్లో అమ్మే లిక్విడ్ గ్లూకోజ్ పనికొస్తుంది. తేనె వేయవచ్చు కానీ దానిలోని చక్కెరలు త్వరగా ఎర్రబడతాయి, పది డిగ్రీలు తగ్గించి కాల్చాలి. బెల్లం పాకంతో రుచి అద్భుతం, కరకర అరపూట. బెల్లంలో విడివడిన చక్కెరలు గాలిలోని తేమను గుంజుకుంటాయి. వెన్న బదులు నెయ్యి వాడేవారు ఒక సంగతి గమనించాలి. వెన్నలో ఆరో వంతు నీరు, నెయ్యిలో నీరు లేనట్టే. సమాన బరువు వేస్తే కొవ్వు ఎక్కువై బిస్కట్టు నూనె కక్కుతుంది. వంద గ్రాముల వెన్న చోట ఎనభై గ్రాముల నెయ్యి, ఒక చెంచాడు పాలు సరిపోతాయి.

ఓవెన్ కూడా లేకపోతే అంటుకోని దోసె పెనం ఉంది. పాలు, మైదా, పంచదార, కరిగిన వెన్నతో జారు కలిపి, చల్లని పెనం మీద పల్చగా పూసి, సన్నని సెగ మీద పెట్టి, అంచులు లేచాక అట్లకాడతో తిప్పి రెండో వైపు ఎర్రబడనిచ్చి చుట్టేస్తారు. ఇంట్లో ఐస్‌క్రీమ్ కోన్లు చేసేవారిలో చాలామంది దారి ఇదే. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. సెగ పెంచి తొందరపడితే పైన రంగు వస్తుంది, లోపల తడి ఉండిపోతుంది.

ఒత్తి కాల్చేవి

ఇవి తక్కువ. వాటిలో మొరేవియన్ బిస్కట్టు ముఖ్యమైనది. మధ్య యూరపులో పుట్టిన మొరేవియన్ క్రైస్తవ శాఖవారు 1753లో నార్త్ కరోలినాకు చేరి, 1766లో సేలం ఊరిని మొదలుపెట్టారు. నేటి విన్‌స్టన్-సేలంలో అదొక భాగం. అక్కడ 1800 ప్రాంతంలో కట్టిన వింక్లర్ బేకరీ ఇంకా నిలిచి ఉంది. చెరకు మడ్డి, శొంఠి, లవంగం, దాల్చినచెక్క కలిపిన ముదురు రంగు ముద్దను రాత్రంతా చల్లగా ఉంచి, వెలుతురు కనబడుతుందేమో అన్నంత పల్చగా ఒత్తి, పూల ఆకారాల్లో కోస్తారు. చల్లగా ఉన్నప్పుడే ఒత్తడం ఇందులో రహస్యం. మడ్డి ముద్ద వెచ్చబడితే కర్రకు అంటుకుంటుంది. అంటుతోందని పిండి చల్లితే బిస్కట్టు పొడిబారి రుచి చెడుతుంది. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తి, కాగితంతో సహా ఫ్రిజ్‌లో గట్టిపరచి కోయడం ఇంటివారికి సుఖం. ఇందులో వంపులూ చుట్టడాలూ లేవు కాబట్టి, సెకన్ల హడావిడి పడనివారు వేఫర్ల పని ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. చేతి ఒత్తుడు అలవాటైతే తక్కినవి వాటంతట అవే లొంగుతాయి.

కంపెనీ వేఫర్

వియన్నాలో 1890లో వ్యాపారం మొదలుపెట్టిన యోజెఫ్ మానర్ 1898లో తెచ్చిన నియాపోలిటన్ వేఫర్ నేటి క్రీమ్ పొరల బిస్కట్లకు పెద్దన్న. ఐదు రేకులు, నాలుగు పొరల హేజల్‌నట్ కోకో క్రీమ్. గింజలు నేపుల్స్ ప్రాంతం నుంచి రావడం వల్ల ఆ పేరు. చెక్ దేశంలోని కార్లొవీ వారీ స్నానతీర్థంలో అమ్మే గుండ్రటి ఒప్లాత్కి ఇంకో పేరున్న రకం. వీటిని ఇంట్లో చేయబూనడం దండగ. రేకు ఒక్కటీ సమంగా రావాలంటే కంపెనీ పలకలే కావాలి.

నిలవ

గాలిలో తేమ 40, 50 శాతం దాటితే వేఫర్ చెమ్మను పీల్చుకుని కరకర కోల్పోతుంది. కోస్తా జిల్లాల్లో ఏడాదిలో చాలాభాగం గాలి అంతకన్నా తడిగానే ఉంటుంది, వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ ఎండాకాలంలో రెండు రోజులు బయట నిలిచే త్యూయిల్ కాకినాడ శ్రావణంలో గంటలో వాలిపోతుంది. కాబట్టి చేయి పట్టేంతగా చల్లారిన మరుక్షణం బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. మరీ వెచ్చగా పెడితే వాటి ఆవిరే వాటిని ముంచుతుంది. అడుగున గుడ్డలో మూటకట్టిన కొద్దిపాటి వేయించిన బియ్యం వేస్తే కొంత తేమను తీసుకుంటుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఇంకా మెరుగు, పిల్లలకు అందకుండా చూసుకోవాలి. ఫ్రిజ్ పనికిరాదు. బయటికి తీయగానే చల్లని బిస్కట్టు మీద నీటి చెమ్మ పడుతుంది.

మెత్తబడినవాటిని పారేయనక్కర్లేదు. 130 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచి, పరచి చల్లారిస్తే తేమ పోయి మళ్లీ పెళుసెక్కుతాయి. చుట్టినవి ఈ వేడికి విచ్చుకోవచ్చు, వాటిని కర్రకు ఎక్కించే పెట్టాలి. క్రీమ్, జామ్ నింపే పని వడ్డించే ముందే. తప్పనిసరై ముందే నింపాల్సి వస్తే లోపలి గోడకు కరిగిన చాక్లెట్ పూసి ఆరనివ్వాలి. కోకో వెన్న నీటిని దాటనివ్వదు. ఐస్‌క్రీమ్ కోన్ల కంపెనీలు వాడే ఉపాయం కూడా ఇదే.

మెత్తబడటమే కావాలనుకునే వంట ఒకటి ఉంది. అమెరికాలో నబిస్కో కంపెనీ 1924 నుంచి అమ్మిన నల్లటి చాక్లెట్ వేఫర్లను గిలక్కొట్టిన మీగడతో ఒకదానికొకటి అతికించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచేవారు. మీగడలోని నీరు వేఫర్లలోకి దిగి, తెల్లారేసరికి కత్తితో కోయగలిగిన కేకు తయారయ్యేది. ఆ వంటకం డబ్బా మీదే అచ్చయ్యేది. 2023లో కంపెనీ ఆ వేఫర్లను ఆపేసింది. అప్పటినుంచి ఆ కేకు కావలసినవారు మైదా, కోకో, వెన్న, పంచదారతో ముద్ద కలిపి, పల్చగా ఒత్తి, వేఫర్లను ఇంట్లోనే కాల్చుకుంటున్నారు. ఈ పనికి అవి పూర్తిగా ఆరి పెళుసెక్కి ఉండాలి. సగం కాలినవి మీగడ తగలగానే ముద్దవుతాయి.